బందెల దొడ్డి నుంచి వచ్చిన బంగారి

గద్వాల సాలోల్ల వీధిల కోడి కన్న ముందుగాల మగ్గాలే లేస్తుండె. తెల్లారక ముందే ఇంటింట్ల టకటక మొదలైతే, ఇగ దీపాలు పెట్టేదాంక ఆగకపోయేది. ఆ వీధి మూల మీది ఇల్లు దేవరాజుది. నేలల గుంట తవ్వి, దాని మీద పెట్టిన మగ్గం. గుంటల కాల్లు ఏలాడేసుకొని కూసున్నడంటే దేవరాజు మల్ల బువ్వకే లేస్తడు, తిని చెయ్యి కడుక్కొని మల్ల గుంటలకే దిగుతడు. నూలు ఇచ్చేటోడు ఇంటికొచ్చి ఇస్తడు, చీర తీస్కపోయేటోడు ఇంటికొచ్చి తీస్కపోతడు. ఇగ ఆయనకు బయట పనేముంది? ఊరి పొలిమేర దాటి ఎన్నేండ్లయిందో ఆయనకే యాదికి లేదు.

"మా దేవరాజును నడుము దాంక పాతిపెట్టిండ్రమ్మా," అని పక్కింటి సాయమ్మ ఎక్కిరిస్తుండె. ముసలామె, ఆమె నోటికి అడ్డూ ఆపూ లేదు.

గద్వాల చీర ఒక్కరితోని అయ్యేది కాదు. నడుమ నూలు, అంచుకు పట్టు. ఆ రెండు కలిసే కాడ పోగుకు పోగు మెలేసి అతకాలె. అందుకని మగ్గం మీద ఇద్దరు కూసోవాలె. దేవరాజు నడుమ పోగు చుట్టిన నాడె ఇసురుతుంటే, పక్కన పెండ్లాం జములమ్మ అంచు నాడె ఇసురుతది. లగ్గమైన కాడి నుంచి భుజం భుజం తాకంగ కూసున్నరు గని మాట్లాడుకున్నది తక్కువ. చేతులు చేతులు మాట్లాడుకుంటుంటే మల్ల నోరెందుకని దేవరాజు అనుకుంటుండె.

పెండ్లామంటే ఆయనకు పానం. ఆ పానమెట్లాంటిదంటే, ఆమె గాజులోనితోని జర నవ్వి మాట్లాడినా ఆ పూట ఆయనకు బువ్వ సయించదు. అన్నిటి కన్న పెద్ద కుళ్ళు ఇంకొకటి ఉండె. కృష్ణ అవతల అమరచింత ఊర్ల జములమ్మకు మేనబావ ఉన్నడు, ధర్మయ్య. ఆమె పుట్టంగనే ధర్మయ్య పెండ్లామని పెద్దోల్లు అనుకున్నరు. ఆ తర్వాత ఏదో పెట్టుపోతల కాడ మాట మాట పెరిగి సంబంధం తప్పింది, దేవరాజు పంట పండింది. ధర్మయ్య పొడుగు మనిషి, తెల్లటోడు, మాటకారి. ఒక్కటే లోటు, చిన్నప్పుడు బండి చక్రం కింద పడి ఎడమ కాలు ఈడ్చి నడుస్తడు. ఆ ఎడమ కాలు యాదికొచ్చినప్పుడల్లా దేవరాజుకు కడుపుల సల్లగ అయితుండె. పాపమే, గని నిజం.

ఎక్కడో సీమ దేశాలల్ల లడాయి నడుస్తున్న రోజులవి. ఒకనాడు వీల్ల మేక తాడు తెంపుకొని ఎవలదో పల్లిచేన్ల పడ్డది. చేనాయన దాన్ని కొట్టుకపోయి బందెల దొడ్డిల తోలిండు. పంట మేసిన గొడ్లను తోలి తాళమేసే దొడ్డి అది, ఎవల గొడ్డును వాల్లు పోయి ఇడిపించుకోవాలె. దేవరాజు గుంటల నుంచి లేవడాయె, జములమ్మనే పోయింది. పోయినామె ఒక చేత మేకను, ఇంకో చేత కుక్కను పట్టుకొని వచ్చింది.

దేవరాజు నాడె ఆపిండు. "మేకను తెమ్మంటే కుక్కను తెచ్చినవేందే?"

"దొడ్డిల ఉండె. పాపమనిపించి తెచ్చిన."

ఎర్ర కుక్క. బక్కది. ఒక చెవి సగం తెగింది. అది ఇంట్లకు వచ్చి, ఇల్లంతా ఒకసారి వాసన చూసి, మగ్గం గుంట కాడికి పోయి గడ్డం గుంట అంచు మీద పెట్టి పడుకున్నది. దేవరాజు దిక్కు చూడనన్న చూడలే.

దొడ్డి కాడ ఏం జరిగిందో జములమ్మ అంచు నాడె ఇసురుకుంట చెప్పింది. దొడ్డి కాపలాదారు బుచ్చన్న మేక ముడి ఇప్పుకుంట కండ్లు తుడుచుకుంటున్నడట. ఏమైందన్నా అని అడిగితే, గుంజకు కట్టేసిన కుక్కను చూపెట్టిండట.

"దీనికొక గుణమున్నది తల్లీ," అన్నడట బుచ్చన్న. "పొలిమేర దాటి ఎవలొచ్చేది ఉన్నా దీనికి ఒకరోజు ముందే కనవడతరు. రేపొచ్చే గొడ్డుకు ఇయ్యాల్నే గేటు కాడ నిలవడి మొరుగుతది. నేను తొట్టిల నీల్లు నింపి పెట్టుకుంట. ఒక్కనాడు తప్పలే."

"మంచిదే గదన్నా."

"మంచిదే. గని మొన్న ఠాణా అమీన్ సాబు తనిఖీకి వచ్చిండు. ఆయనొచ్చే ముందు రోజే ఇది లేచి నిలవడి తోకాడిచ్చింది, నేను ఈ కండ్లతోని చూసిన. తెల్లారి సాబు అసలుకు వచ్చినప్పుడు తల గూడ లేపలే. ఒకసారి చేసిన మర్యాద మల్ల చేయదు ఇది. ఆయనకు కోపమొచ్చింది. కుక్కకు గూడ లెక్కలేకుంట పోయిన్నా నేను, కొట్టి పారేయుండ్రి దీన్ని అని హుకుం ఇచ్చి పోయిండు."

నేను తీస్కపోతనని జములమ్మ అంటే బుచ్చన్న ఊరికెనే ఇయ్యలేదట. ఇంట్ల ఎప్పుడూ మనిషి ఉంటరా అని అడిగిండట. దొడ్డిల గొడ్ల నడుమ పెరిగింది, ఒంటరిగ ఉండలేదు అన్నడట.

"నేనేం చెప్పిన్నో ఎరుకేనా?" అని జములమ్మ నవ్వింది. "మా ఇంటాయన మగ్గం గుంటల నుంచి లేవనే లేవడన్నా, గట్ల కదలని మనిషి గద్వాలల ఇంకోడు దొరకడు అన్న. అట్లయితే తీస్కపో తల్లీ అన్నడు."

దేవరాజుకు ఆ మాట కలుక్కుమన్నది. తనను చూపెట్టి కుక్కను తెచ్చింది. తాను గుంజ లెక్క పనికొచ్చిండన్న మాట.

కుక్కకు బంగారి అని పేరు పెట్టింది జములమ్మ. ఇగ అక్కడ మొదలైంది దేవరాజు కడుపుమంట. మొగుని పేరు నోట పలకొద్దు గద ఆడోల్లు, పలికితే మొగుని ఆయుష్షు తగ్గుతదంటరు. లగ్గమైన కాడి నుంచి జములమ్మ ఆయనను "ఇగో" అంటది, "ఇంటున్నవా" అంటది, మరీ దూరముంటే చేతిగాజులు సప్పుడు చేస్తది. ఆయన పేరు ఆమె నోట్ల ఎట్లుంటదో ఆయనకే తెల్వదు. నిన్నగాక మొన్నొచ్చిన కుక్కకేమో పొద్దంత పేరే. "బంగారీ, దా. బంగారీ, తిన్నవా? మా బంగారి ఏడున్నది?" వేడి వేడి జొన్నరొట్టె మొదటిది బంగారికే. కారం తగలకుంట ఆరబెట్టి, ముక్కలు చేసి మరీ.

"ముందుగాల నేను తినాల్నా, కుక్క తినాల్నా?" అని దేవరాజు ఒకసారి అడగనే అడిగిండు.

"అయ్యో, అది అడగలేదు గద, నోరు లేని జీవి."

"నాకు గూడ నోరు లేదు ఈ ఇంట్ల."

జములమ్మ నవ్వింది. ఆ నవ్వు ఇంకింత మండించింది ఆయనను.

బంగారి గుణం నాలుగు రోజులల్ల వీధంతా తెలిసింది. ఎవలూ నోరెల్లబెట్టలే. ఒక్కొక్క బర్రె ఎక్కువ పాలిస్తది, ఒక్కొక్క చెట్టు ముందుగాల కాస్తది, ఈ కుక్క రేపటోల్లకు ఇయ్యాల మొరుగుతది, అంతే. సాయంత్రమైతే ఆడోల్లు బంగారి ఎవల వాకిట్ల నిలవడ్డదో చూసి బియ్యం నానబోసుకుంటుండ్రి. సాయమ్మ మొగుడు కర్నూలు పోయి ఎన్నాల్లకూ రాకపోతే, ఒకనాటి సందెకాడ బంగారి ఆమె కడప ముందర తోకాడిచ్చింది. తెల్లారి ముసలాయన బండి దిగేసరికి పప్పు తిరగమోత వాసన వస్తున్నది. అప్పులిచ్చినాయన వస్తడంటే బంగారి పండ్లు బయటపెడతది, ఇంట్లోల్లు వెనక తలుపు తీసి పెట్టుకుంటరు. జములమ్మకు వీధిల పెద్దరికమొచ్చింది. "జములమ్మ కుక్క ఏమంటున్నది?" అని కోట దిక్కు నుంచి గూడ మనుషులు అడగవచ్చిండ్రు. ఆమె ఘడియకోసారి మగ్గం మీది నుంచి లేచి వాకిట్లకు పోతది. దేవరాజు చేతిల నాడె పట్టుకొని, ఆమె వచ్చి అంచు అందుకునేదాంక పండ్లు కొరుక్కుంట కూసుంటడు.

అందరికీ తోకాడిచ్చిన ఆ కుక్క దేవరాజుకు ఒక్కనాడు తోకాడియ్యలే. అదే ఆయనకు అరగనిది. గాజులోనికి ఆడిస్తది, ఉప్పు అమ్మేటామెకు ఆడిస్తది, ఎక్కడెక్కడోల్లకో కాల్లు నాకుతది. అన్నం పెట్టే ఇంటి యజమానిని చూసి ఒక్కసారన్న లేచి నిలవడదా? పొద్దంత ఆయన గుంట అంచు మీద గడ్డం పెట్టి పడుకుంటది, అంతే. ఆయన కాలు కదిపితే చెవి కదుపుతది. గది గూడ తెగిన చెవి.

నూలుకు కరువొచ్చింది ఆ నడుమ. వారంల సగం దినాలు మగ్గం ఖాళీగ ఉంటుండె. ఖాళీ మగ్గం మనిషిని తింటది. అట్లాంటప్పుడే సోలాపురం మిల్లులకు మనుషులను తోలుకపోయే మేస్త్రి రామచంద్రయ్య రాయచూరు దిక్కు నుంచి వచ్చిండు. బంగారి ముందు రోజే గుర్రుమని చెప్పింది. ఆయన మాటల సగం తెలుగు, సగం కన్నడం.

"ఏనప్పా దేవరాజు, బర్తీయా, వస్తవా? ఈ గుంటల ఏమున్నది? అక్కడ నిలవడి నేసుడు, కరెంటు మగ్గాలు. పోయినోడు ఎవడూ తిరిగి రాలే, అంత బాగుంటది."

పోయినోడు ఎవడూ తిరిగి రాలేదన్న మాట విని జములమ్మ చేతిల అంచు పోగు తెగింది. దేవరాజు అది చూసిండు గని, నూలు పాడైందనే అనుకున్నడు. "నేను రాను," అన్నడు. "ఎల్లుండి పొద్దుగాల రాయచూరు రైలుకు బండ్లు కడతం. మనసు మారితే ఊరి దర్వాజ, అగసె కాడికి రా," అని మేస్త్రి పోయిండు.

తెల్లారి సందెకాడ, జములమ్మ దీపం వత్తి సరి చేస్తుంటే, బంగారి గుంట కాడి నుంచి ఒక్క ఉదుటున లేచింది. కడప మీదికి ఉరికింది. ఎవలూ లేని వాకిట్ల ఎవలో నిలవడ్డట్టు చూసి, ఒక్క అరుపు అరిచింది. మొరుగుడు కాదది, ఏడుపు. ఆ తర్వాత గుండ్రంగ తిరిగింది, పొర్లింది, లేచింది, ఉచ్చ పోసుకున్నది, మల్ల తిరిగింది. వీధంతా తలుపులు తెరుచుకొని చూసింది. ఇన్ని దినాలల్ల ఆ కుక్క ఎవలకూ గట్ల చేయలే.

"ఓయమ్మో, ఎవలమ్మా గంత కావాల్సినోల్లు?" అని సాయమ్మ చెంబు పట్టుకొని అట్లనే నిలవడ్డది.

బంగారి వంగి నేల నాకుతున్నది. ఒక్క కాడనే. ఎవలో నిలవడితే ఎడమ కాలు ఉండే కాడ. నాకింది, తుమ్మింది, మల్ల నాకింది, కుయ్యి కుయ్యిమన్నది.

దేవరాజు గుంటల కూసున్నోడు కూసున్నట్టే బిగుసుకపోయిండు. ఎడమ కాలు. ఎడమ కాలు బాగలేనోడు ఎవడు? ఆయన కండ్ల ముందర అమరచింత ధర్మయ్య కాలు ఈడ్చుకుంట వచ్చి వాకిట్ల నిలవడ్డడు.

బంగారి ఇంకా వెనక కాల్ల మీద లేచి, మూతి పైకి చాపి, గాలిల ఎవల చేతి కిందనో తల దూర్చింది. అప్పటికి దేవరాజు కుక్కను చూస్తలేడు. పెండ్లాం మొకం చూస్తున్నడు. దీపం పట్టుకొని కడప కాడ నిలవడ్డది జములమ్మ. ముందుగాల ఆమె మొకం తెల్లబోయింది. కొంచెం సేపు కుక్క దిక్కే పట్టి చూసింది. ఆ తర్వాత మెల్లగ, లోపలి నుంచి నవ్వొచ్చింది ఆమెకు. లగ్గమైన నాటి నుంచి ఆ నవ్వు దేవరాజు చూడలే.

"ఎవలో ఎరుకైందానే?" అని సాయమ్మ అడిగింది.

"అయింది సాయమ్మత్తా," అన్నది జములమ్మ. "శెనగపప్పు నానబోయాలె. రేపు భక్ష్యాలు చేస్త."

అరికాలి మంట నెత్తికెక్కింది దేవరాజుకు. పండుగ లేదు పబ్బం లేదు, భక్ష్యాలట. ఇంట్ల బెల్లం ముక్క దాచిపెట్టింది గూడ ఆ రోజే ఆయనకు ఎరుకైంది. తనకు జరమొచ్చినప్పుడు గంజిల ఉప్పు కన్న ఎక్కువ చూడలే గద! అడగాలని నోటి దాంక వచ్చింది. అడిగితే ఆమె అవునంటదేమో. అవునన్నంక ఇగ తాను ఏం చేయాలె? అడగలే. తినలే. గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. ధర్మయ్య వస్తడు, భక్ష్యాలు తింటడు, కుక్క కాల్లు నాకుతది, పెండ్లాం నవ్వుతది, తాను గుంటల కూసుండి చూడాల్నా? నడుము దాంక పాతిపెట్టినోన్ని ఎవలన్న లెక్క చేస్తరా?

తెల్లవారుజామున దుప్పటి మూటగట్టి లేచిండు. జములమ్మ అప్పటికే పొయ్యి ముందర ఉన్నది.

"ఏడికి?" అన్నది, తల తిప్పకుంట.

"నూలుకు."

ఆమె పోవద్దనలే. ఒక జొన్నరొట్టె మూటల పెట్టి ఇచ్చింది. తన రొట్టె మొదటిదని, కుక్క కన్న ముందు చేసిందని ఆయనకు ఆ చీకట్ల కానరాలే. ఆపనన్న ఆపలేదు చూడు అనుకుంట అగసె దాటి పోయిండు. బంగారి కడప మీద పడుకొని ఉన్నది. తోక గూడ కదపలే.

రాయచూరు దారి పొడుగునా ఎర్ర దుబ్బ. బండ్లల్ల సాలోల్లు, మాలోల్లు, ఇంకెవలెవలో కిక్కిరిసి కూసున్నరు. సోలాపురంల సీనిమాలుంటయట, నల్లా తిప్పితే నీల్లొస్తయట అని చెప్పుకుంటున్నరు. దేవరాజు చెవికి ఏదీ ఎక్కలే. ఇగ ఇప్పుడు వాడు పుట్టి ఎక్కి కృష్ణ దాటుతుంటడు. ఇప్పుడు ధరూరు దాటుతుంటడు. ఇప్పుడు మా వీధి మూలకొస్తడు. బండి తొవ్వ పక్కన ఒక్కో బండరాతి గుండు దాటుతుంటే ఆయన మనసుల ధర్మయ్య ఒక్కో గుండు దగ్గరైతున్నడు.

పొద్దు నెత్తి మీదికొచ్చినంక వాగు కాడ ఎడ్లను ఇడిచిండ్రు. దేవరాజు మూట ఇప్పి రొట్టె తుంచిండు. రొట్టె కింద చిన్న బెల్లం ముక్క ఉన్నది. దాన్ని చూసి ఆయనకు ఏడుపు రాలే, కోపమే ఇంకింత లేచింది. మిగిలిపోయిందేమో, పడేయలేక పెట్టింది. మింగలేక కక్కలేక చేతిలనే పట్టుకున్నడు.

అప్పుడొక ఆలోచన వచ్చింది. తాను పోతడు, సరే. ఇగ మల్ల రాడు, సరే. గని ఆ కుక్క అంతగనం ఎగిరింది ఎవలకు? నిజంగ ధర్మయ్యకేనా? వాని మొకం చూడకుంట, వాడు తన ఇంట్ల తన పీట మీద కూసుండి భక్ష్యం తింటుంటే కండ్లార చూడకుంట సోలాపురం పోతే, బతికినన్ని దినాలు ఆ వాకిలి ఖాళీగనే కండ్లల్ల తిరుగుతది. ఒక్కసారి చూడాలె. చూసి, మొకం మీద ఉమ్మి, అప్పుడు పోవాలె.

"నేను ఎనుకకు పోత," అన్నడు లేచి.

మేస్త్రి నోరెల్లబెట్టిండు. "ఏనాయితప్పా నినగ, ఏమైంది? సగం తొవ్వ వచ్చినంక?"

"ఇంట్ల ఒకడు వచ్చేది ఉన్నడు. వాన్ని చూసేది ఉన్నది."

"హోగప్పా, హోగు, పో. మల్ల నా బండి నీ కోసం రాదు," అని మేస్త్రి మొకం తిప్పుకున్నడు.

గుంటల కూసునేటోని కాల్లు నడకకు అలవాటు లేనివి. ఎండ మాడుస్తున్నది. దేవరాజు ఉరుకుతున్నడు, నడుస్తున్నడు, మల్ల ఉరుకుతున్నడు. తొవ్వల ఎడమకాలి చెప్పు ఉంగటం తెగింది. దాన్ని ఇసిరిపారేసి అట్లనే నడిచిండు. తుమ్మ ముల్లు అరికాల్ల కస్సున దిగి లోపలనే ఇరిగింది. కూసుండి తీసుకునే ఓపిక లేదు, అందాంక వాడు తిని లేచి పోతడేమోనని భయం. కాలు ఈడ్చుకుంట, ధర్మయ్యను తిట్టుకుంట, కుక్కను తిట్టుకుంట నడిచిండు. పొలిమేర రాయి దాటేసరికి పొద్దు గుంకింది. సాలోల్ల వీధిల దీపాలు పెడుతుండ్రి.

వీధి మూల మీద నిలవడి ఇంటి దిక్కు చూసిండు. కడప ముందర పరాయి చెప్పులు లేవు. లోపల మగోని మాట ఇనవడతలేదు. భక్ష్యాల వాసన మాత్రం వీధంతా కమ్మగ నిండి ఉన్నది. వాకిట్లకు పోయి, నిన్న కుక్క పొర్లిన కాడనే నిలవడ్డడు, ఎందుకంటే కాలు ఇగ అడుగు పడతలేదు.

బంగారి కడప మీద పడుకొని ఉన్నది. ఒక కన్ను తెరిచి ఆయనను చూసింది. మల్ల మూసుకున్నది. తల లేపలే.

జములమ్మ లోపలి నుంచి దీపం పట్టుకొని వచ్చింది. పొద్దంత తిననట్టుంది, మొకం వాడిపోయి ఉన్నది.

"వచ్చిండా?" అన్నడు దేవరాజు.

"ఎవలు?"

"తెల్వనట్టు అడుగుతవేందే. నిన్న ఈ కుక్క ఎవలకు ఎగిరిందో వాడు. ఎవల కోసం భక్ష్యాలు చేసినవో వాడు."

"వచ్చిండు," అన్నది జములమ్మ.

దేవరాజు లోపలికి తొంగి చూసిండు. "ఏడి మరి?"

"నా ముందరనే నిలవడ్డడు. కాలుకు ముల్లు గుచ్చుకున్నట్టుంది, నెత్తురొస్తున్నది."

దేవరాజు వంగి చూసుకున్నడు. ఎడమ కాలు. నిన్న బంగారి నాకిన కాడ, అదే మట్టి మీద, తన ఎడమ కాలి నెత్తురు చుక్క. కుక్కకు ఎప్పుడూ ఇంట్ల ఉండేటోనికి ఎదురొచ్చే పనేముంటది? పోయినోడు వస్తేనే గద ఎదురుకోలు. తానెప్పుడు పోయిండని?

"నీకు నిన్ననే ఎరుకైందా?" అన్నడు.

జములమ్మ కడప మీద కూసుండి ఆయన కాలు ఒడిల పెట్టుకున్నది. సూదితోని ముల్లు తీసుకుంట చెప్పింది. "నువ్వు కుక్క కాలు నాకింది చూసినవు. నేను అది చేతి కింద తల పెట్టింది చూసిన. ధర్మయ్య బావ నీ కన్న జానెడు పొడుగు, ఆ చెయ్యి ఆయనది కాదు. ఇన్నేండ్లు నీ పక్కన కూసుండి నేసిన, నీ చెయ్యి ఎంత ఎత్తుల ఉంటదో నాకు తెల్వదా?" కాలును దీపం దిక్కు తిప్పింది. "పొలిమేర దాటి వచ్చేటోల్లకే అది లేస్తది. నువ్వు రేపొస్తవంటే రేపు పోతవన్నట్టే గద. మేస్త్రి మాట చెవిల మోగి పానం పోయినట్టయింది. గని వస్తవని గూడ చెప్పింది గద అది. పోయినోడు ఎవడూ తిరిగి రాలేదన్నడు మేస్త్రి. నువ్వొస్తవు. గందుకే నవ్వొచ్చింది. గందుకే పొద్దుగాల ఆపలే."

"ఆపితే ఆగేటోన్నే," అన్నడు దేవరాజు. ఆయన కండ్లల్ల నీల్లు కారుతున్నయి, ముల్లు నొప్పికి అనుకుంటే అనుకోనీ అని తుడుచుకోలే.

"ఆగినా మనసు ఆడనే తిరుగుతుండె."

ముల్లు వచ్చింది. దాన్ని దీపం వెలుగుల చూసి అవతల పారేసింది. దేవరాజు బంగారి దిక్కు చూసిండు. అది గురక పెడుతున్నది.

"కనీసం తలన్న లేపలేదు చూడు," అన్నడు.

"దాని మర్యాద అది నిన్ననే చేసింది. ఇయ్యాల చేయాల్సింది నేను గద." జములమ్మ లేచి నిలవడి, చీర కుచ్చెల్లు సర్దుకొని, వీధి ఇనేటట్టు అన్నది. "దేవరాజూ! వచ్చినవా? లోపలికి రా."

పక్కింట్ల ఇత్తడి బిందె పడ్డ సప్పుడైంది. "ఓయమ్మో, మొగుని పేరు పెట్టి పిలిచిందమ్మో! ఆయుష్షు పోదానే?" అని సాయమ్మ బొబ్బ పెట్టింది. జములమ్మ ఇనిపించుకోలే. దేవరాజుకైతే ఆ పేరు తనది కాదేమో, ఎవలదో మంచి మనిషిది అనిపించింది. భక్ష్యం నోట్ల పెట్టుకుంటే ఉప్పగ తగిలింది.

సోలాపురం పోయిన బండ్లల్లోల్లు కొందరు వచ్చిండ్రు, కొందరు రాలే. అమరచింత ధర్మయ్య ఆ యేడు గాదు, ఆ మీది యేడు గూడ రాలే, వచ్చినప్పుడు గూడ పెండ్లాం పిల్లలతోని వచ్చి ఒక పూట ఉండి పోయిండు. బంగారి ఆయనకు ముందు రోజు జర తోకాడిచ్చింది, అంతే. ఎడమ కాలు దిక్కు చూడనన్న చూడలే.

ఆ తర్వాతనే దేవరాజుకు కొత్త అలవాటైంది. మంగళారం మంగళారం మగ్గం ఆపి, పొలిమేర రాయి అవతలి దాంక నడిచి, పెండ్లాం పేరే ఉన్న అమ్మోరు జములమ్మ గుడి దిక్కు ఒక దండం పెట్టి వాపసు వస్తడు. పనేం లేదు. "ఏం మొక్కున్నదే నీ మొగునికి?" అని సాయమ్మ అడిగితే జములమ్మ నవ్వుతది గని చెప్పదు.

సోమారం సందెకాడ ఆ ఇంటికి పోయి చూడాలె. మొగుడు పెండ్లాం మగ్గం మీద పక్కపక్కనే కూసుండి పోగు అతుకుతుంటరు. బంగారి గుంట అంచు మీది నుంచి లేచి కడప మీదికి ఉరుకుతది. ఎవలూ లేని వాకిట్ల గుండ్రంగ తిరుగుతది, పొర్లుతది, గాలిల చేతి కింద తల దూరుస్తది. దేవరాజు నాడె ఆపి గుంటల నుంచి చూస్తడు.

"వానికి చూడు ఎట్ల చేస్తున్నదో," అంటడు జములమ్మతోని. "నాకు ఒక్కనాడన్న చేసిందా గట్ల?"

"వాడు నువ్వే గదయ్యా."

"నేనే. అయినా సరే," అంటడు దేవరాజు, రేపొచ్చే ఆ మనిషి మీద జర కుళ్ళుకుంటనే, మల్ల నాడె ఇసురుతడు.